పటిక నీళ్ల బొమ్మలు

నీలోఫర్‌కి భయం గురించి తెలియనిది లేదని ఊరంతా అనుకుంటుంది. అనుకోరూ మరి, పదేళ్లుగా ఆడవాళ్ల భయాలే ఆమె బొమ్మలు. వారమంతా గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. శని, ఆదివారాలు బందరు రైలెక్కి వచ్చి మేనమామ అద్దకం షెడ్డులో బట్టల మీద పని. హైదరాబాదులో రెండుసార్లు, విజయవాడలో ఒకసారి బొమ్మలు పెట్టింది. పేపర్లో ఫొటో వేసి, పైన "మౌనానికి రంగు" అని హెడ్డింగు పెట్టారు. ఆ కటింగు ఇప్పటికీ పర్సులోనే ఉంటుంది, అడక్కపోయినా తీసి చూపిస్తుంది. అంత మనిషీ ఆ శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి, మరుగుతున్న రాగి కాగు ముందు నిలబడి, చేతిలో కర్ర జారి కిందపడినా వంగి తీసుకోకుండా అలాగే ఉండిపోయింది.

కాగులో పైకి తేలిన బట్ట మీద ఒక చెయ్యి ఎర్రగా కనబడుతోంది. దానికి మూడే వేళ్లు.

అద్దకం పని ఎరగనివాళ్ల కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరేసిన బట్ట మీద పటిక నీళ్లతో ఏం గీసినా కంటికి కనబడదు. తడి ఆరిందంటే ఎక్కడ గీశాడో గీసినవాడికే తెలియదు. అందుకే పనివాళ్లు ఆ నీళ్లలో కాస్త ఏదో రంగు కలుపుకుంటారు, చేసే పని కనబడాలి కదా. తర్వాత బట్టని ఎర్రరంగు కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టేసుకుంటుంది. ఇక అది పోదు. చాకిరేవులో బండకేసి బాదినా పోదు.

నీలోఫర్ ఆ రంగు కలపలేదు. అదే ఆమె గొప్ప ఆలోచన. తాము గీసింది తమకే కనబడకపోతే ఆడవాళ్లకి గీయడానికి భయముండదని లెక్క వేసింది. మూడు వారాల కిందట గిలకలదిండి రేవులో, వలలు బాగుచేసే షెడ్డులో, పదకొండు మందిని కూర్చోబెట్టింది. పొడవాటి బట్ట మీద నల్లగీతలతో పన్నెండు గడులు కొట్టింది, వాళ్లకి పదకొండు, తనకొకటి. తలా ఒక కప్పు పటిక నీళ్లు, తలా ఒక కుంచె. "నేను బయట వరండాలో ఉంటాను, చూడను. మిమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టింది ఏదో అది గీయండి. మీ భయాన్ని పటికలో పెట్టెయ్యండి, మిగతాది పొయ్యి చూసుకుంటుంది" అని చెప్పింది. మాటలు బాగా కుదిరాయని తనకే ముచ్చటేసింది. ఆడవాళ్లు కప్పులు చేతిలోకి తీసుకుని, కుంచె ముంచేముందు తల చుట్టూ మూడుసార్లు తిప్పుకున్నారు. అది మరీ ముచ్చటేసి ఫోన్లో ఫొటో తీసింది. ఆ ఫొటోనే, ఈ బట్టతో రేపు పెట్టబోయే ఎగ్జిబిషన్ కార్డు మీద అచ్చు వేయించింది కూడా.

ఇప్పుడు కాగులో తేలిన మూడు వేళ్ల చెయ్యి ఎవరిదో రేవులో ఏ చంటిపిల్లని అడిగినా చెబుతుంది. అది భుజంగరావు చెయ్యి. పాతికేళ్ల కిందట బోటు మీద తాడు చుట్టే మిషన్లో రెండు వేళ్లు పోయాయి. "సముద్రానికి రెండు వేళ్లిచ్చాను, అది నాకు ఆరు బోట్లిచ్చింది" అని ఆ చెయ్యి ఎత్తి చూపిస్తూ ఉంటాడు. వలల షెడ్డు ఆయనది, ఐస్ ప్లాంటు ఆయనది, వలలు బాగుచేసే ఆడవాళ్లలో సగం మంది ఉండే రేకుల గదులూ ఆయనవే. నీలోఫర్ అడగ్గానే షెడ్డు ఇచ్చింది ఆయనే. ఆ రోజు అందరికీ కూల్‌డ్రింకులు పంపించింది ఆయనే. రేపు పొద్దున పదింటికి బందరులో అద్దెకు తీసుకున్న హాల్లో రిబ్బన్ కత్తిరించబోయేదీ ఆయనే.

"ఏమే, కర్ర పడేసి దిష్టిబొమ్మలా నిలబడ్డావు? బట్ట అడుగంటుద్ది" అన్నాడు ఇలియాస్ మామూ, పొయ్యి అవతలి నుంచి. నీలోఫర్ మేనమామ. డెబ్బై ఏళ్లొచ్చినా కాగు దగ్గర ఇంకొకరిని నమ్మడు.

"మామూ, ఇలా రా" అంది.

ఇద్దరూ కలిసి బట్టని పైకి తీసి, కాలవలో జాడించి, ఒడ్డున చెక్కబల్ల మీద పరిచారు. పన్నెండు గడులూ బయటపడ్డాయి. ఒకదాంట్లో కెరటం, దాంట్లో తిరగబడ్డ పడవ. ఒకదాంట్లో సీసాలు, ఒట్టి సీసాలు. ఒకదాంట్లో ఆస్పత్రి మంచం. ఆరో గడిలో ఒక తలుపు, లోపలి వైపు నుంచి చూసినట్టు గీశారు. తలుపు సందులోంచి మూడు వేళ్ల చెయ్యి లోపలికొచ్చి గడియ తీస్తోంది. దాని పక్కన ఏడో గడి. కుర్చీలో ఒక పిల్ల, వీపు మాత్రమే కనబడుతోంది, పొడుగాటి జడ. చుట్టూ పేర్చిన ఐసు దిమ్మలు. పిల్ల భుజం మీద మళ్లీ అదే చెయ్యి.

రెండు గడులు, రెండు కుంచెలు. ఆరో గడిలో గీత లావుగా, ఆగి ఆగి నడిచింది. ఏడో దాంట్లో సన్నగా, వేగంగా ఉంది. గీసింది ఒకరు కాదని నీలోఫర్‌కి చూడగానే అర్థమైంది. పన్నెండో గడి మాత్రం ఎంతో అందంగా ఉంది. అందులో లతలు, చిలకలు. అది నీలోఫర్ గీసుకున్నది. అందరినీ భయం గీయమని కూర్చోబెట్టి, తన వంతు వచ్చేసరికి, ఇరవై ఏళ్లుగా చీర అంచుల మీద వేసే చిలకల్ని వేసి లేచింది. తనకి మాత్రం గీయడానికి లేక కాదు. పంతొమ్మిదో ఏట గుడివాడ రైల్లో ఒక సాయంకాలం ఏం జరిగిందో ఆమె మామూకీ చెప్పలేదు, భర్తకీ చెప్పలేదు. కనబడని నీళ్లతో గీయడానికి కూడా చెయ్యి రాలేదు. ఊళ్లోవాళ్ల మౌనానికి రంగు వేసే మనిషి!

"యా అల్లా" అన్నాడు మామూ నెమ్మదిగా. "ఈయనేగా రేపు వచ్చేది."

"ఊఁ."

"చూశాడంటే ఎవరు గీశారో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆయనకే తెలుసు."

సరిగ్గా ఆ మాటే నీలోఫర్‌ని భయపెట్టింది. ఎవరు గీశారో ఆమెకి తెలియదు, ఎందుకంటే చూడనని మాటిచ్చి వరండాలో కూర్చుంది. ఆయనకి మాత్రం తలుపు చూడగానే తెలుస్తుంది, జడ చూడగానే తెలుస్తుంది. ఆ ఆడవాళ్లు రేపు సాయంత్రం ఆయన గదుల్లోకే తిరిగి వెళ్లాలి.

ఆ సమయానికే షెడ్డు బయట కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు, చెప్పుల చప్పుడు. నీలోఫర్ చూసేసరికి భుజంగరావు గుమ్మంలో ఉన్నాడు, తెల్లచొక్కా, నుదుట కుంకుమ, మొహం నిండా నవ్వు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మామూ ముసలాడైనా చెయ్యి చురుకు. బట్టని నాలుగు మడతలు వేసి, పక్కనున్న గోనెపట్టా పైకి లాగేశాడు.

"ఏమ్మాయ్, రేపు రిబ్బన్ కత్తిరించేవాణ్ణి, ముందు నాకు చూపించవా?" అంటూ వచ్చాడు.

"తడిబట్టండీ" అన్నాడు మామూ. "మొదటి ఉడుకు బట్ట ఆరేదాకా పై మనిషికి చూపించం. మా తాతల నాటి ఆచారం."

అలాంటి ఆచారం ఏదీ లేదు. ఆ క్షణంలో పుట్టింది. భుజంగరావు తలూపాడు. "ఆచారమంటే కాదనకూడదులే. మేమూ కొత్త వలకి పసుపు పెట్టందే చెయ్యి వెయ్యం" అని బల్ల దగ్గరికొచ్చి, గోనె జారిన మూల బట్ట మీద చెయ్యి వేసి తట్టాడు. మూడు వేళ్ల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారాయి. నీలోఫర్ ఆ చెయ్యినే చూస్తూ నిలబడింది. దాని కింద రెండు మడతల లోపల అదే చెయ్యి ఉంది. ఆయన ఒక్క మడత తీస్తే చాలు.

"రంగు బాగా పట్టింది" అని రుమాలు తీసి తుడుచుకున్నాడు. "ఏం గీశారేంటి మా ఆడోళ్లు?"

"పడవలండీ. చేపలు. పువ్వులు" అంది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

"అంతేగా. ఆళ్లకంతకన్నా ఏం తెలుసు పాపం" అని నవ్వాడు. తర్వాత వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "రేపు కత్తెర పళ్లెం పట్టుకోడానికి మా ఐస్ ప్లాంటులో పనిచేసే పిల్లనొకదాన్ని అనుకున్నాను. అక్షిత. డిగ్రీ అయిపోయింది, చూడ్డానికి బావుంటది. చీర నేనే తెచ్చాను. మధ్యాహ్నం భోజనాలవేళకి ఆఫీసు గదిలో కట్టుకుని చూపించమన్నాను, ఎట్టా ఉందో" అన్నాడు.

కారు వెళ్లిపోయింది. నీలోఫర్ కాలవ గట్టున కూలబడింది. పొడుగాటి జడ పిల్ల. ఆ రోజు షెడ్డులో అందరికన్నా ఎక్కువ నవ్విన పిల్ల, వాళ్లమ్మ పక్కనే కూర్చుని, "అమ్మా, నీ కుంచె పొరకలా పట్టుకున్నావే" అని ఏడిపించిన పిల్ల. ఏడో గడి ఎవరిదో ఇప్పుడు తెలిసిపోయింది.

తెలిసి ఏం చేసింది? నిజం చెప్పుకోవాలి, పారిపోదామనుకుంది. పదకొండు గంటల గుడివాడ రైలు గుర్తొచ్చింది. జ్వరమని, ఎగ్జిబిషన్ వాయిదా అని మెసేజ్ పెట్టేస్తే సరి అనుకుంది. మళ్లీ, వాయిదా వేస్తే ఆయన బట్ట అడుగుతాడని భయం. పోలీసుల దగ్గరికెళ్తే, ఏ సాక్ష్యంతో వచ్చావని అడుగుతారు, ఎర్రరంగు చెయ్యి బొమ్మతోనా? పైగా ఆ పిల్ల చెప్పమందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి పిరికివాళ్లందరికీ దొరికే దారే ఆమెకీ దొరికింది.

"మామూ, ఆ రెండు గడులూ నల్లరంగుతో మూసేద్దాం" అంది.

తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లరంగు కుండ షెడ్డులో ఎప్పుడూ ఉంటుంది. మామూ దాన్ని తెచ్చి బల్ల పక్కన పెట్టాడు. బట్టని రెండుగా మడిచి, ఆరో గడి పైకి వచ్చేలా, ఏడోది మడత కిందికి వెళ్లేలా సర్దింది. ఒకేసారి రెంటినీ చూస్తూ మూయడం ఆమె వల్ల కాలేదు.

కుంచె ముంచబోతుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. ఒకామె దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. చిట్టెమ్మ. అక్షిత తల్లి. నలభై అయిదేళ్లుంటాయి. సొంతూరు దివిసీమలో నాగాయలంక అవతల. మొగుడు వేటకెళ్లి తిరిగి రాకపోతే, కూతుర్ని తీసుకుని ఆరేళ్ల కిందట గిలకలదిండికి వలల పనికి వచ్చింది. రొప్పుతోంది. చేతికి ఇంకా నైలాన్ దారం ముక్క చుట్టుకునే ఉంది.

"అమ్మా, నీలోఫరమ్మా, ఆ బట్ట కాల్చేశావా?" అంది.

"కాల్చడమేంటి చిట్టెమ్మా?"

"మాతోపాటు బొమ్మ గీసిన మహాలక్ష్మమ్మ చెప్పింది, బట్ట రేపు గోడకి కడతారంట, భుజంగరావు గారొచ్చి చూత్తారంట. అందులో మన బొమ్మలన్నీ ఎర్రగా పైకొత్తాయంట. అబద్ధమే కదా?"

నీలోఫర్ కుంచె కింద పెట్టింది. "అబద్ధం కాదు. ఆ రోజే చెప్పాగా, కాగులో ఉడికిస్తానని."

"పొయ్యి చూసుకుంటుంది అన్నావమ్మా" అంది చిట్టెమ్మ. "భయాన్ని పటికలో పెట్టమన్నావు, పొయ్యి చూసుకుంటుంది అన్నావు. దిట్టి తీయిత్తన్నావనుకున్నాం."

నీలోఫర్‌కి అప్పుడు గానీ వెలగలేదు. పటికతో దిష్టి తీయడం ఆమెకి తెలియనిదా? వాళ్ల నానీ, అమ్మమ్మ, ఎన్నిసార్లు చేసింది! పటిక ముక్కని తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. పటిక పొంగి ఏదో ఆకారం కడుతుంది. ఎవరి కన్ను పడిందో వాళ్ల రూపు అందులో కనబడుతుందంటారు. చూసి, నలిపేసి, నీళ్లలో పారేస్తారు. అక్కడితో పీడ విరగడ. కప్పులు తల చుట్టూ తిప్పుకున్నది అందుకు. ముచ్చట కాదు, మొక్కూ కాదు. ఒక్క మాట, "ఎందుకు తిప్పుతున్నారమ్మా" అని అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు, ఫొటో తీసుకుంది.

"ఎవరిదో ఆనవాలు లేకపోతే పటికకి ఎట్టా తెలుత్తుందమ్మా? అందుకే వేళ్లు కూడా సరిగ్గా గీశాను, మూడే" అంది చిట్టెమ్మ. "బూడిదైపోద్దనుకున్నాను. లేకపోతే చచ్చినా గీత్తానా?"

మూడే అన్న మాట నీలోఫర్ చెవిలో పడింది గానీ లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. చిట్టెమ్మ బల్ల దగ్గరికి వచ్చేసింది. ఆరో గడి చూసింది. తలుపు, గడియ, చెయ్యి. తన చేత్తో గీసి తను ఎన్నడూ చూడని బొమ్మ. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాదే" అంది. "మూసెయ్యమ్మా దీన్ని. నీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన చూశాడంటే మేము బతకం."

"మూసేస్తాను. దానికే రంగు తెచ్చాను. నువ్వు కూర్చో."

చిట్టెమ్మ కూర్చోలేదు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అననిది, గడియ ఊడిన తలుపులా ఒక్కసారిగా బయటికొచ్చింది. "నాలుగేళ్లమ్మా. ఎందుకు ఊరుకున్నానని నన్ను అసయ్యించుకోకు. పిల్ల కాలేజీలో చేరిన ఏడాది మొదలెట్టాడు. 'నువ్వు నోరు మూసుకుని ఉంటే నీ కూతురు జోలికి రాను, మా అమ్మ మీద ఒట్టు' అన్నాడు. ఒట్టు తప్పలేదు. దాన్ని చదివించాడు, ఉద్యోగం ఇచ్చాడు, అమ్మాయ్ అనే పిలుత్తాడు. నా బతుకెట్టా పోతే ఏం, పిల్ల గట్టున పడింది. ఆ ఒక్కటే నేను గెలిచిందమ్మా."

నీలోఫర్ అరచేయి మడత మీదే ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు, గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. కింద ఏడో గడి.

"దీని పక్కది మా అక్షితదే" అంది చిట్టెమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "నా పక్కనే కూర్చుంది. కోడిపిల్లనో పువ్వునో ఏసుంటది. దానికేం భయాలున్నాయి, పిచ్చిమొద్దు."

షెడ్డు గోడ మీద గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. నీలోఫర్ దాన్ని చూసింది, చిట్టెమ్మని చూసింది. భుజంగరావు వచ్చినప్పుడు కూడా ఆమెకి ఇంత భయం వేయలేదు. నల్లరంగు ఇక్కడే ఉంది. ఈమెని ఇంటికి పంపేసి మూసేస్తే, ఈమె గెలిచానన్నది ఈమెకి మిగులుతుంది. బట్ట మిగులుతుంది. రేపటి ఫంక్షన్ కూడా మిగులుతుంది. మరో గంటలో ఐస్ ప్లాంటు ఆఫీసు గదిలో ఆ పిల్ల కొత్త చీర కట్టుకుని నిలబడుతుంది, అంతే. చెబితే ఈ మనిషి ఇక్కడే కూలిపోతుందేమో. చెప్పకపోతే తానూ ఆ గది తలుపు మూసినట్టే.

"చిట్టెమ్మా" అంది. "అక్షిత ఇప్పుడెక్కడ ఉంది?"

"ప్లాంటులో. ఏం?"

"ఆయన పొద్దున ఇక్కడికి వచ్చాడు. భోజనాలవేళ ఆఫీసు గదిలో చీర కట్టుకుని చూపించమన్నాడట, అక్షితని."

"చీరేంటి? నాకు చెప్పలేదే" అంది చిట్టెమ్మ. మొహంలో ఇంకా నవ్వులాంటిది ఏదో మిగిలే ఉంది. "దాన్ని కూతుర్లా చూత్తాడమ్మా. ఒట్టేశాడు."

నీలోఫర్ అరచేయి ఎత్తింది. ఎత్తడానికి రెండో చేత్తో మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది. మడత తీసింది.

చిట్టెమ్మ చూసింది. కుర్చీ చూసింది, ఐసు దిమ్మలు చూసింది. జడ మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది, రోజూ పొద్దున తను అల్లే జడ. భుజం మీది చెయ్యి దగ్గర వేలు ఆగిపోయింది. ఏడవలేదు, అరవలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఆ గడినీ ఈ గడినీ మార్చి మార్చి చూసింది. మామూ తల దించుకుని గోడవైపు తిరిగిపోయాడు. నీలోఫర్ కుంచె అందుకోబోతే, చిట్టెమ్మ కాలితో నల్లరంగు కుండని పక్కకి జరిపేసింది.

"ఉండనియ్యి" అంది.

నడుం దగ్గర దోపుకున్న సంచిలోంచి ఫోను తీసింది. నంబరు నొక్కలేకపోతే నీలోఫర్ నొక్కి ఇచ్చింది. పాత ఫోను, అవతలి మాట పక్కనున్నవాళ్లందరికీ వినబడుతుంది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి ఎత్తింది.

"ఏంటమ్మా, పనిలో ఉన్నాను" అంది అక్షిత. వెనక ఐసు కొట్టే మిషన్ చప్పుడు.

"ఎక్కడున్నావే?"

"టోకెన్ల కిటికీ దగ్గర."

"ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి రా. బ్యాగు తీసుకోకు, ఎవరికీ చెప్పకు. గేటు దాటి రోడ్డు మీద నిలబడు."

"ఏమైందమ్మా? ఆయన భోజనానికి వచ్చే టైమైంది, నేను..."

"నీ బొమ్మ చూశానే" అంది చిట్టెమ్మ.

మిషన్ చప్పుడు ఒక్కటే వినబడింది. తర్వాత ఆ చప్పుడు కొద్దికొద్దిగా దూరమైంది, పిల్ల నడుస్తోంది. నీలోఫర్ మామూ స్కూటీ తాళాలు చేతిలోకి తీసుకుంది.

"ఎన్నాళ్ల నుంచే?" అంది చిట్టెమ్మ.

"రెండేళ్లు."

"నాకెందుకు చెప్పలేదే? తల్లిని కదే నేను."

రోడ్డు మీద లారీ హారన్ ఒకటి వినబడింది. గేటు దాటినట్టుంది. అక్షిత గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నేను నోరు మూసుకుంటే నీ జోలికి రానని ఒట్టేశాడమ్మా."

చిట్టెమ్మ ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉంది. నీలోఫర్ ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అక్కడే నిలబడమ్మా అక్షితా, మేం వస్తున్నాం" అంది. చిట్టెమ్మని చెయ్యి పట్టుకుని స్కూటీ వైపు నడిపించింది.